సమస్యాపూరణం: సంద్ర మెండిపోయె సందె వేళ

ఈ వారం ఆటవెలది. నాలుగో పాదం ఇస్తున్నాను, పై మూడూ మీవి. పంపినవారిని వాళ్ల ఊరి పేరుతో చూపిస్తున్నాను, మధ్యలో జవాబులు నావి.

సంద్ర మెండిపోయె సందె వేళ

దత్తాంశం: విదేశాలు తిరుగుతూ మధ్యలో సముద్రం ఒడ్డున ఉన్న విశ్వవిద్యాలయం ఊళ్లో స్నేహితుణ్ణి చూడబోయారు. ఈ పాదం నాకు స్కాట్లాండులో సెయింట్ ఆండ్రూస్‌లో తట్టింది. అమలాపురంలో నాతో చదువుకున్నవాడు అక్కడ పరిశోధన చేస్తున్నాడు, ఎడింబరో దాకా వెళ్లి వాణ్ణి చూడకుండా ఎలా వస్తాను. ఊళ్లోకి రైలు లేదు, 1969లోనే ఆ లైను మూసేశారు, లూకర్స్‌లో దిగి బస్సెక్కాలి. 1413 నాటి విశ్వవిద్యాలయం, స్కాట్లాండులో అన్నిటికన్నా పాతది. ముఖ్యమైన వీధులు మూడే, అవి వెళ్లి కలిసేచోట కూలిపోయిన పెద్ద చర్చి, దాని వెనక ఉత్తర సముద్రం.

ఒక్కటే షరతు. సముద్రం ఎందుకు ఎండిందో పద్యంలోనే తెలియాలి. అగస్త్యుడు తాగేశాడంటే ఒప్పుకోను, ఆ దారి అందరికీ తెలుసు.

కోరంగి:
అన్నగారూ, నేను దేశం దాటలేదు. మా మడ అడవిలో పాటు, అంటే సముద్రపు నీరు వెనక్కి తగ్గడం, చూసి రాశాను.

మిత్రుఁ జూడఁబోతి మేటి చదువులూర,
పడవలన్ని యొరిగె నీరు లేక,
ఇసుక మీద నడిచి యెంతొ దూరము పోతి,
సంద్ర మెండిపోయె సందె వేళ.

తమ్ముడూ, నేను చూసింది సరిగ్గా ఇదే. మధ్యాహ్నం రేవులో తేలుతున్న పడవలు సాయంత్రానికి బురదలో పక్కకి ఒరిగిపోయి ఉన్నాయి. మన కాకినాడ దగ్గర పోటుకీ పాటుకీ తేడా మహా అయితే మీటరు పైచిలుకు, అక్కడ పున్నమి, అమావాస్య రోజుల్లో నాలుగైదు మీటర్లు, పైగా వెస్ట్ శాండ్స్ అనే ఆ తీరం బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి నీరు దిగితే చూపు ఆనినంత మేరా తడి ఇసుకే. ఆరు గంటల్లో అంత నీరు వెనక్కి పోవడం గోదారి పిల్లలకి కూడా వింతే. కోరంగి కాలవల్లో మడ చెట్ల వేళ్లు బయటపడడం చూసినవాడివి కాబట్టి ఎవరూ చెప్పకుండానే పట్టుకున్నావు, చాలా సంతోషం.

ఇక తప్పు. రెండో పాదం మొదట "ప", నాలుగో గణం (అక్షరాల గుంపు) మొదట "నీ". ఆ రెండు అక్షరాలకీ పొత్తు కుదరాలి, అదే యతి, అది పడలేదు. ఇలా మార్చు:

పడవ లొరిగిపోయెఁ బాటు దీయ

ప, బా కలుస్తాయి. "నీరు లేక" అంటే ఫలితమే తెలిసేది, "పాటు దీయ" అంటే కారణం కూడా వచ్చేసింది, షరతూ తీరింది.

ఆత్రేయపురం:
మంచి పద్యం తమ్ముడూ. కానీ నువ్వు చూడబోయిన మిత్రుడేడి? మొదటి పాదంలో వచ్చి మళ్లీ కనపడలేదు. అంత దూరం వెళ్లి ఒక్కడివే నడిచావా?

కోరంగి:
నిజమే అక్కా. మూడో పాదం ఇలా అయితే?

ఇసుక మీద నడచి యిద్దరమును నవ్వ

ఇది మొదటిదానికన్నా ఎంతో మేలు. గణాలు సరిపోయాయి, ఇ-యి యతి సరే. "ఎంతొ దూరము" పోయిందని బాధ లేదు, ఇద్దరు నవ్వుకుంటూ నడుస్తుంటే దూరం చెప్పక్కర్లేదు. నా లెక్కలో ఈ వారానికి మొదటి పూరణ ఇదే.

ఆత్రేయపురం:
నాది వేరే దారి.

ఇంటి మీది బెంగ నేడ్చుచుండెను మున్ను,
పూతరేకు లిచ్చి పొదువుకొంటి,
కంటి నీరు తుడిచి గలగల నవ్వెను,
సంద్ర మెండిపోయె సందె వేళ.

అక్కా, కన్నీటి సంద్రం చాలామంది పట్టుకునే కిటుకే, కానీ "పూతరేకు లిచ్చి పొదువుకొంటి" మీకే వస్తుంది. ఆ పాదం పదిసార్లు చదువుకున్నాను. అంత దూరం పగలకుండా ఎలా పట్టుకెళ్లారని అడగను, స్టీలు డబ్బాలో పెట్టి ఒళ్లోనే ఉంచుకుని ఉంటారు. లోటు ఒకటే: చదువుల ఊరూ లేదు, సముద్రపు ఒడ్డూ లేదు. ఈ పద్యం హైదరాబాదు హాస్టల్లో కూడా జరగొచ్చు.

ఆత్రేయపురం:
మొదటి పాదం మార్చాను, చూడండి.

కడలి యొడ్డు చదువు గదిలోన నేడ్చె, నే
పూతరేకు లిచ్చి పొదువుకొంటి,

ఇప్పుడు కుదిరింది. ఒడ్డూ, చదువూ, బెంగా ఒక్క పాదంలోనే వచ్చాయి, పైగా ఆ "నే" పాదం చివర ఆగి తరవాతి పాదంలోకి దూకడం బాగుంది, గుమ్మంలో నిలబడ్డ మనిషి లోపలికి పరుగెత్తినట్టు. అసలు కడలి పక్కనే ఉంది కాబట్టి కంటిలోని సంద్రానికి బలం వచ్చింది.

ఓడలరేవు:
ఆ ఊళ్లో విద్యార్థులు ఎర్ర గౌన్లు వేసుకుని రేవు గట్టు మీద నడుస్తారని చదివాను.

ఎర్ర గౌనులందు నేగిరి పిల్లలు,
రాతిగట్టు మీద రాజసమున,
చెలిమికాడు నేను చేపలు కొరుకంగ
సంద్ర మెండిపోయె సందె వేళ.

మాస్టారూ, నాలుగు పాదాల్లోనూ యతి, గణాలు శుద్ధంగా ఉన్నాయి, మీ చేతిలో తప్పు ఎప్పుడు చూశాం. గౌన్ల నడక నిజమే, ఆదివారం ప్రార్థన అయ్యాక గట్టు చివరి దాకా వెళ్లి వస్తారు. 1800లో జానెట్ అనే ఓడ అక్కడ ఇసుకలో కూరుకుపోతే జాన్ హనీ అనే విద్యార్థి ఈదుకుంటూ వెళ్లి అందులో ఉన్నవాళ్లని కాపాడాడు, ఆ నడక అతని జ్ఞాపకంగానే అంటారు. కానీ మీ పద్యంలో సంద్రం ఎందుకు ఎండింది? చేపలు కొరికితే ఎండదు కదా. మూడో పాదానికి నాకు తోచింది:

పాటు వేళ గట్టు పాదమె కనిపించె

ఓడలరేవు:
కారణం వచ్చింది, ఒప్పుకుంటాను. స్నేహితుడు పోయాడు. చేపలూ పోయాయి. దత్తాంశంలో స్నేహితుణ్ణి పెట్టింది మీరే.

అదీ నిజమే మాస్టారూ. రెండో పాదంలో గట్టుని ఉంచి రాజసం తీసేస్తే చోటు దొరుకుతుంది, చెలిమికాణ్ణి అక్కడ కూర్చోబెట్టండి. మీరు తిరిగి పంపేవరకూ ఈ పద్యాన్ని పక్కన పెడుతున్నాను, ఎర్ర గౌన్లని వదులుకోవడం నాకూ ఇష్టం లేదు.

వచ్చే వారం సమస్య, మళ్లీ ఆటవెలదే:

రాత్రి పదికి నెండ రాజుకొనియె

జూన్‌లో స్కాట్లాండులో రాత్రి పదింటి దాకా పొద్దు ఉంటుంది. నేను చెప్పేశాను కాబట్టి ఆ పూరణ చెల్లదు, ఇంకో దారి వెతకండి.