ఒక్క డైటీషియన్, గది నిండా పేషెంట్లు: ముందు ఎవరిని చూడాలి?

నరసన్నపేట అబ్బాయి:
మా అమ్మకి అంగిట్లో క్యాన్సర్. చిన్నప్పటి నుంచీ అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. విశాఖలో రేడియేషన్ ఇస్తున్నారు. మూడో వారానికి నోరంతా పుండ్లు, మంచినీళ్లు మింగాలన్నా కళ్లమ్మట నీళ్లు. 52 కిలోల మనిషి 46కి దిగిపోయింది. డైటీషియన్‌కి చూపిద్దామంటే ఉన్నది ఒక్కరే, వచ్చే వారం రమ్మన్నారు. అక్కడ కూర్చున్నవాళ్లలో టిఫిన్ బాక్సు తెచ్చుకుని శుభ్రంగా తింటున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ టోకెన్ వరసలోనే పిలవాలా? మీకెలా జరిగిందో చెప్పండి.

రాజాం సిస్టర్:
తమ్ముడూ, ఈ పనికి టోకెన్ వరస పనికిరాదు. క్యాన్సర్ వార్డులో పనిచేస్తున్నాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. తిండి చాలక ఒంట్లో పోషకాలు తగ్గినవాళ్లని పట్టడానికి ఎం.ఎస్.టి. (మాల్‌న్యూట్రిషన్ స్క్రీనింగ్ టూల్) అని చిన్న పరీక్ష ఉంది, రెండే ప్రశ్నలు. కావాలని కాకుండా బరువు తగ్గారా? ఆకలి లేక తిండి తగ్గిందా? 1 నుంచి 5 కిలోలు తగ్గితే 1 మార్కు, 6 నుంచి 10 అయితే 2, ఆ పైన ఇంకా ఎక్కువ. తిండి తగ్గితే మరో 1. మొత్తం 2 వచ్చిందంటే డైటీషియన్ చూడాల్సిందే. ఆరు కిలోలకే మీ అమ్మగారికి 2 వచ్చేశాయి.

తగ్గారో లేదో "తెలీదు" అన్నా 2 వేస్తాం. మన ఊళ్లలో బరువు చూసుకునేదెవరు? నేనైతే జాకెట్టు వదులైందా, గాజులు మోచేతి దాకా జారుతున్నాయా అని అడుగుతాను. నోరు, గొంతు, అన్నవాహిక, క్లోమం క్యాన్సర్లకి మాత్రం మార్కుల దాకా ఆగకూడదు. వైద్యం మొదలుపెట్టకముందే చూపించాలి.

పలాస కోడలు:
సిస్టర్ గారూ, బరువు ఒక్కటే చూస్తే మోసపోతాం. మా మావయ్యగారికి పొట్టలో నీరు చేరింది. కార్డులో ప్రతిసారీ 60 కిలోలే. భుజాల ఎముకలు పొడుచుకొచ్చినా ఎవరికీ అనుమానం రాలేదు. నీరు తీశాక తూస్తే 55! దానికి తోడు చుట్టాలు పథ్యమంటూ గుడ్డు, పెరుగు మాన్పించారు. డైటీషియన్ చెప్పింది పూర్తిగా వేరు: కిలో బరువుకి రోజుకి 25 నుంచి 30 కేలరీలు, ప్రొటీన్ 1 గ్రాముకి తగ్గకుండా, వీలైతే 1.5 దాకా. ఆ మాట రెండు నెలల ముందు వినుంటే ఎంత బాగుండేదో.

రాజాం సిస్టర్:
నిజమమ్మా. అందుకే కణతలు, భుజాలు, తొడలు కూడా చూడాలి. తమ్ముడూ, వారం వారం బరువు ఒకే మిషను మీద చూసి, ఫైలు మొదటి పేజీలో పెద్దక్షరాలతో రాయండి. రేడియేషన్ డాక్టరుకి ముందు అదే చూపించండి.

నరసన్నపేట అబ్బాయి:
అక్కా, అలాగే రాసి చూపించాను. డాక్టరుగారు ఆ అంకెలు చూసి అప్పటికప్పుడే డైటీషియన్‌కి ఫోన్ చేశారు. ముక్కులోంచి గొట్టం వేశారు. రెండు గంటలకోసారి ఎంత పట్టాలో కాగితం మీద రాసిచ్చారు. చోడి (రాగి) జావ పల్చగా కాచి, పలుచని గుడ్డలో వడగట్టి పోస్తున్నాను. నిన్న 46 దగ్గరే ఆగింది, దిగలేదు.