పాత రీలోడింగ్ పౌడర్: వాసన బాగుంటే వాడొచ్చా, పారేయాల్సిందేనా?

గరాజ్ బెంచ్ (డాలస్)
అందరికీ నమస్కారం. మా వీధి చివర ఉండే పెద్దాయన పోయిన నెల కాలం చేశారు. పేల్చిన ఖాళీ కేసులో కొత్త ప్రైమర్ (నిప్పు రాజేసే ముక్క), పౌడర్ (తూటా మందు), బుల్లెట్ పెట్టి మళ్లీ తూటా చేసుకోవడం నాకు నేర్పింది ఆయనే. ఆ సామాన్లన్నీ నన్నే తీసుకెళ్లమన్నారు వాళ్లావిడ. అందులో పౌడర్ డబ్బాలు 12 ఉన్నాయి. కొన్ని డ్యూపాంట్ పేరున్న రేకు డబ్బాలు, కొన్ని హెర్క్యులిస్ అట్ట డబ్బాలు. ఒక గాజు సీసా మీద చేత్తో '4831' అని మాత్రమే రాసి ఉంది. అన్నీ ఏళ్ల తరబడి గరాజ్‌లోనే ఉన్నాయి. ఎండాకాలం తలుపు మూస్తే ఆ గరాజ్‌లో పది నిమిషాలు నిలబడలేం. వీటిని వాడొచ్చా? పారేయాలంటే మనసు రావడం లేదు, ఉంచుకోవాలంటే టెన్షన్‌గా ఉంది.

రేంజ్ ఆదివారం (హ్యూస్టన్)
పారేయకండి అన్నా. పౌడర్ అమ్మే హాడ్గ్‌డన్ కంపెనీ నిలదొక్కుకున్నదే రెండో ప్రపంచ యుద్ధంలో మిగిలిపోయిన 4895, 4831 పౌడర్లు అమ్మి. ఆ సరుకును జనం దశాబ్దాల పాటు కాల్చారు. మూత తీసి వాసన చూడండి. ఈథర్ లాగా, స్పిరిట్ లాగా ఉంటే నిక్షేపంలా ఉన్నట్టే. ఇవాళ్టి ధరల్లో 12 డబ్బాలంటే చిన్న మొత్తం కాదు.

ఇద్దరు పిల్లల అమ్మ (ఫీనిక్స్)
నేనైతే ఒక్కటి కూడా ఉంచను. మా ఆయనకూ ఈ హాబీ ఉంది. ఆయన కొన్న డబ్బా ఎప్పుడు కొన్నారో, ఎక్కడ పెట్టారో మాకు తెలుసు. వేరే ఇంటి గరాజ్‌లో 30 ఏళ్లు ఏం జరిగిందో ఎవరికి తెలుసు? డబ్బు మిగులుతుందని పిల్లలున్న ఇంట్లోకి తెచ్చుకోవడం నాకు సబబుగా అనిపించదు.

పత్తిచేను (న్యూజెర్సీ)
నేను కెమిస్ట్రీ చదివినవాణ్ని, పన్నెండేళ్లుగా రీలోడింగ్ చేస్తున్నాను. పై ఇద్దరి మాటల్లోనూ సగం సగం నిజం ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈ పౌడర్‌లో అసలు సరుకు నైట్రోసెల్యులోజ్. పత్తి లాంటి పీచుకు నైట్రిక్ యాసిడ్ పట్టిస్తే వచ్చేది అదే. (మాది పత్తి పండే ఊరు. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు చాలాసేపు ఆశ్చర్యపోయాను.) డబుల్ బేస్ రకాల్లో నైట్రోగ్లిజరిన్ కూడా ఉంటుంది. తయారైన రోజు నుంచే ఇది చాలా నెమ్మదిగా విరుగుతూ నైట్రోజన్ ఆక్సైడ్లు వదులుతుంది. ఆ వాయువులు అందులోనే ఉండిపోతే విరగడం ఇంకా వేగం అందుకుంటుంది. వాటిని ఎప్పటికప్పుడు పట్టేసుకోవడానికి డైఫినైలమైన్ లాంటి స్టెబిలైజర్‌ను కొద్దిగా కలుపుతారు. పౌడర్ ఆయుష్షు అంటే ఆ స్టెబిలైజర్ ఆయుష్షే. వేడి తగిలేకొద్దీ అది త్వరగా ఖర్చయిపోతుంది.

అందుకే డబ్బా మీది సంవత్సరం చూసి నిర్ణయం తీసుకోవద్దంటాను. చల్లటి గదిలో 50 ఏళ్లున్న పౌడర్ బాగుండొచ్చు, ఎండలో మాడిన 15 ఏళ్ల పౌడర్ చెడిపోవచ్చు. కొత్తదే చెడిన సందర్భమూ ఉంది: త్వరగా చెడిపోతోందని ఐఎంఆర్ 4007 ఎస్‌ఎస్‌సీ అనే పౌడర్‌లో కొన్ని లాట్లను కంపెనీయే వెనక్కి తీసుకుంది.

హ్యూస్టన్ తమ్ముడితో నాకు తేడా వచ్చేది వాసన దగ్గర. మూత తీయగానే ముక్కు మండేలా యాసిడ్ ఘాటు కొట్టినా, ఇటుక పొడి లాంటి ఎర్ర ధూళి కనిపించినా, రేకు డబ్బా లోపల తుప్పు పట్టినా ఇంక ఆలోచించక్కర్లేదు, అది చెడిపోయింది. ఎర్రటి పొగే వస్తుంటే దాన్ని ముట్టుకోకుండా బయటికి నడిచి ఫైర్ డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ చేయాలి. కానీ ఘాటు వచ్చేది స్టెబిలైజర్ దాదాపు అయిపోయాకే. వాసన బాగుందంటే ఇవాళ్టికి బాగుందనే అర్థం, వచ్చే ఎండాకాలం సంగతి అది చెప్పదు. కాబట్టి ఏడాదికోసారి మూత తీసి చూడాలి. డబ్బాలో ముక్కు పెట్టకండి, చేత్తో గాలి విసురుకుని చూడండి.

చెడిన పౌడర్‌కు బలం తగ్గుతుంది, అంతే కదా అనుకునేవాళ్లున్నారు. ఒత్తిడి తగ్గుతుందో, ఒక్కసారిగా పెరుగుతుందో ఎవరూ చెప్పలేరు. ముఖానికి అడుగు దూరంలో, తూటా పేలే ఛాంబర్‌తో ఆ పరీక్ష వద్దు.

ఆ గాజు సీసాను మాత్రం వాసన కూడా చూడకుండా పక్కన పెట్టండి. 4831 పేరుతో రెండు పౌడర్లున్నాయి. ఐఎంఆర్ 4831 హాడ్గ్‌డన్ 4831 కన్నా వేగంగా మండుతుంది. ఒకదాని కొలత రెండోదానికి వాడితే తుపాకీ పగలొచ్చు. అసలు డబ్బా నుంచి మార్చిన పౌడర్‌ను ఏ పేరుతోనూ నమ్మకూడదు.

రేంజ్ ఆదివారం (హ్యూస్టన్)
సీసా విషయంలో మీరు చెప్పిందే కరెక్ట్, ఒప్పుకుంటున్నాను. కానీ డబ్బాలు వాటంతటవే అంటుకుంటాయన్నట్టు భయపెట్టొద్దు. పౌండ్ డబ్బాతో అలా జరగడం నేను చూడలేదు.

పత్తిచేను (న్యూజెర్సీ)
చిన్న డబ్బాకు ఆ ప్రమాదం తక్కువే, పౌడర్ విరిగేటప్పుడు పుట్టే వేడి బయటికి పోతుంది కాబట్టి. ఒకచోట పెద్ద మొత్తం పోగుపడ్డప్పుడే అసలు ప్రమాదం. మా నాన్న సరిగా ఆరని గడ్డితో వామి వేయనిచ్చేవారు కాదు, లోపల ఉడికి అంటుకుంటుందని. ఇదీ అంతే. 1907లో టూలాన్ రేవులో ఇయెనా, 1911లో అక్కడే లిబెర్తే అనే ఫ్రెంచి యుద్ధనౌకలు పేలిపోయాయి. చెడిపోయిన సొంత పౌడరే కారణమన్నారు. లిబెర్తే ప్రమాదంలో దాదాపు 300 మంది పోయారు. ఇక్కడ లూసియానాలోని క్యాంప్ మిండెన్‌లో 2012లో ఒక బంకర్ పేలాక చూస్తే, కోటిన్నర పౌండ్లకు పైగా ఎం6 ప్రొపెల్లెంట్ (ఫిరంగి మందు) బయటపడింది. పక్క ఊరిని ఖాళీ చేయించాల్సి వచ్చింది.

అందుకే ఉన్నవన్నీ ఒకే డబ్బాలో పోయొద్దు, గన్ సేఫ్‌లో పెట్టి బిగించొద్దు. నిప్పు తగిలితే మూసి ఉన్న ఉక్కు పెట్టె బాంబవుతుంది. అమెరికాలో అగ్ని భద్రత ప్రమాణాలు రాసే ఎన్‌ఎఫ్‌పీఏ వాళ్ల 495 నియమావళి ప్రకారం ఇంట్లో 20 పౌండ్ల వరకు అసలు డబ్బాల్లోనే ఉంచుకోవచ్చు. 50 పౌండ్ల వరకైతే అంగుళం మందం చెక్కతో చేసిన పెట్టె ఉండాలి. చెక్క ఎందుకంటే, అది వేడిని త్వరగా లోపలికి పోనివ్వదు, లోపల ఒత్తిడి పెరిగితే విచ్చుకుంటుంది.

గరాజ్ బెంచ్ (డాలస్)
శనివారం పొద్దున్నే, చల్లగా ఉండగా, డబ్బాలు పెరట్లోకి తెచ్చి ఒక్కొక్కటీ తీశాను. ప్రతిదానిలో చెంచాడు తెల్ల కాగితం మీద పోసి చూశాను. తొమ్మిదింటిలో గింజలు నిగనిగలాడుతున్నాయి, స్పిరిట్ వాసన. రెండు డ్యూపాంట్ డబ్బాల మూతలు తిరగనే లేదు. బలవంతంగా తిప్పితే రేకు పొలుసులుగా రాలింది. కాగితం వంచితే గింజలు జారిపోయాయి, ఎర్రటి ధూళి గీతలా అంటుకుని ఉండిపోయింది. ఘాటుకు కళ్లలో నీళ్లొచ్చాయి. ఆ రెండింటినీ, గాజు సీసానూ ఇంటికి దూరంగా నీడలో పెట్టి, ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ల మామూలు నంబర్‌కు ఫోన్ చేశాను. మధ్యాహ్నానికి వచ్చి తీసుకెళ్లారు. మిగతా తొమ్మిదీ గరాజ్‌లోంచి లోపలి గదికి మారాయి, తాళం ఉన్న చెక్క అరలోకి.

ఒక సంగతి చెప్పాలి. ఆయన ప్రతి డబ్బా అడుగున పెన్సిల్‌తో కొన్న తేదీ రాసుకున్నారు. చెడిన రెండూ 1989వి. బాగున్నవాటిలో 1974వి మూడున్నాయి. వాళ్లావిడను అడిగితే, ఆ రెండు డబ్బాలూ వాటర్ హీటర్ పక్కన పై అరలో ఉండేవన్నారు.