ఇంగ్లిష్ మాటల తప్పు వాడుకపై మన చిరాకు సబబేనా?

చర్చ మొదలుపెట్టినవారు:
టీవీ చర్చల్లోనూ ఆఫీసు ఈమెయిళ్లలోనూ ‘లిటరల్లీ’ అన్న మాటను వాడుతున్న తీరు చూస్తే ఒళ్లు మండుతోంది. అక్షరాలా జరిగిందని నొక్కి చెప్పడానికి ఉన్న మాటను జరగనే జరగని దానికి తగిలించి, ‘నవ్వలేక లిటరల్లీ చచ్చిపోయాను’ అంటున్నారు. నిఘంటువులు సైతం ఆ అర్థాన్ని చేర్చుకున్నాయి. లెక్కపెట్టదగిన వస్తువులకు ‘ఫ్యూవర్’ అనవలసిన చోట ‘లెస్’ అనడమూ ఇలాంటిదే. నిఘంటువులే వెనక్కి తగ్గితే తప్పును తప్పని చెప్పేదెవరు?

మొదటి ప్రత్యుత్తరం:
మీ ఆవేదన అర్థమవుతోంది గానీ, మీరు ఎంచుకున్న రెండు ఉదాహరణలూ వాదానికి నిలవవండీ. మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు ‘లిటరల్లీ’కి ఈ అతిశయార్థాన్ని 1909లోనే నమోదు చేసింది, అంతకు ముందే, 1876 నాటి ‘టామ్ సాయర్’ నవలలో ఆ కుర్రవాడు ‘లిటరల్లీ’ సంపదలో పొర్లాడుతున్నాడని మార్క్ ట్వేన్ రాశాడు. ‘ఫ్యూవర్’ నియమానిది మరీ బలహీనమైన పునాది. 1770లో రాబర్ట్ బేకర్ అనే రచయిత అలా అంటే బాగుంటుందని తన అభిరుచిగా చెప్పిన మాటను తరువాతివారు శాసనంగా మార్చారు. ఆ ఒత్తిడి ఎంతదాకా వచ్చిందంటే, 2008లో బ్రిటన్‌లోని టెస్కో సంస్థ తన కౌంటర్ల దగ్గర ‘టెన్ ఐటమ్స్ ఆర్ లెస్’ బోర్డుల స్థానంలో ‘అప్ టు టెన్ ఐటమ్స్’ అని పెట్టాలని నిర్ణయించింది. పాత బోర్డు చూసి, ఎన్ని వస్తువులు తేవచ్చో తెలియక ఎవరైనా తికమకపడి ఉంటారంటే నేను నమ్మను.

అర్థం నిజంగా దెబ్బతినే చోట పట్టుబట్టాలి. ‘ఇన్‌ఫ్లేమబుల్’ అంటే సులువుగా అంటుకునేది. ముందున్న ‘ఇన్’ను వ్యతిరేకార్థంగా పొరబడినవారు ఆ డబ్బాను పొయ్యి పక్కనే పెట్టే ప్రమాదం ఉంది. అందుకే అమెరికాలోని నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ 1920లలో ‘ఫ్లేమబుల్’ అని రాయమని ప్రోత్సహించింది. ‘డిస్‌ఇంటరెస్టెడ్’ విషయంలోనూ నేను పట్టు వదలను. ఆ మాటకు ‘ఆసక్తి లేని’ అన్న అర్థం 17వ శతాబ్దంలోనే ఉన్నప్పటికీ, స్వప్రయోజనం లేని న్యాయమూర్తికీ, వాదనలు వినడమే ఇష్టం లేని న్యాయమూర్తికీ నేడు ఒకే విశేషణం వాడితే, ఏ న్యాయమూర్తి గురించి చెబుతున్నారో చదివేవారికి అంతుపట్టదు.

రెండవ ప్రత్యుత్తరం:
పై ప్రత్యుత్తరం రాసినవారు పెట్టిన కొలతనే నేనూ ఒప్పుకుంటాను. కానీ దానితో కొలిస్తే ‘లిటరల్లీ’ ఎలా తప్పించుకుంటుందండీ? ట్వేన్ వాక్యంలో అతిశయోక్తి అని ఎవరికైనా తెలుస్తుంది. వరదల వార్తలో ‘ఊరు లిటరల్లీ కొట్టుకుపోయింది’ అని రాస్తే, ఇళ్లు నిజంగా నీటిపాలయ్యాయా, లేక నష్టం ఎక్కువని చెబుతున్నారా? ఆ ఊళ్లో అయినవాళ్లున్న మనిషికి ఆ తేడా తెలియడం అత్యవసరం. కబుర్లలో ఎలా వాడుకున్నా, వార్త దిద్దే సంపాదకుడు మాత్రం అక్కడ ఆ మాటను కొట్టివేయాలని నా వాదన.