అప్‌డేట్: నాన్నగారి వాల్వ్ మార్చారు, రక్తనాళాల సంగతి ఇదీ

నాన్నగారికి అయోర్టిక్ వాల్వ్ (గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలోని తలుపు) బాగా ఇరుకైపోయిందని, అది మారిస్తే రక్తనాళాలూ బాగుపడతాయా అని అప్పుడు అడిగాను. ప్రొసీజర్ అయి మూడు నెలలైంది. ఛాతీ కోయలేదు, తొడ దగ్గరి నాళం గుండా కొత్త వాల్వ్ పంపారు.

మొదట తెలిసిన తేడా మణికట్టు దగ్గరే. ఇదివరకు నాడి పట్టుకుంటే సన్నగా, ఆలస్యంగా లేచేది. ఇప్పుడు వేలిని తన్నుతోంది.

కానీ బీపీ! ఎప్పుడూ 110 దాటని మనిషికి ఇంటికొచ్చాక 150 చూపించింది. వాల్వ్ పాడైందేమోనని నాకు ఒకటే టెన్షన్. డాక్టరుగారు నవ్వి, 'ఇన్నాళ్లూ తలుపు ఇరుకు కాబట్టి నాళాల బిరుసు బయటపడలేదు. ఇప్పుడు రక్తం పూర్తి వేగంతో వస్తోంది, అందుకే కనబడుతోంది' అన్నారు. మాత్ర మార్చారు, తగ్గింది.

ఇక అసలు ప్రశ్న. ఇరుకు వాల్వ్ లోంచి రక్తం సుడులు తిరుగుతూ చిమ్ముతుంది. నాళాల లోపలి పొరకు సాఫీ ప్రవాహం కావాలి, అప్పుడే నాళం వ్యాకోచించడానికి తోడ్పడే నైట్రిక్ ఆక్సైడ్ సరిగ్గా తయారవుతుంది. ముంజేతిని కాసేపు బిగించి వదిలి, నాళం ఎంత విప్పారుతుందో కొలిచే పరీక్షలో వాల్వ్ మార్చాక మెరుగుదల కనిపించిన అధ్యయనాలున్నాయట. అయితే ఏళ్లుగా పేరుకున్న కాల్షియం, కొవ్వు మాత్రం ఎక్కడివక్కడే. అందుకే స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) ఆపలేదు, నడక ఆపనివ్వడం లేదు. నాన్నగారి గొణుగుడూ ఆగలేదు, అది వేరే సంగతి.

వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) గురించి అడిగినవారికి: ఇది జంతు కణజాలంతో చేసిన వాల్వ్, అందుకని ఆయనకు ఆస్పిరిన్ ఒక్కటే ఇచ్చారు. మెకానికల్ వాల్వ్ అయితే జీవితాంతం వార్ఫరిన్ తప్పదు.