ఉగాది స్టాల్: సంచుల మీద ఏ పువ్వు? రేపటికి తేలాల

ఆదోని – ఫిబ్రవరి 10
అందరికీ. (గ్రూపులో ఎప్పటిలాగే ఎవరి పేరుకు బదులు వాళ్ల ఊరి పేరే.) మార్చి 21 శనివారం మెల్‌బోర్న్‌లో మన ఉగాది. అనంతపురం నుంచి పార్సిల్ ఫిబ్రవరి 27కల్లా కదలకుంటే టయానికి చేతికి రాదు. అందుకే రేపటికి ఇవన్నీ తేలాల: 60 సంచులకు, 40 కుషన్ కవర్లకు పూల డిజైన్లు, స్టాల్ బల్లలు, ధరల చీటీలు, కార్డు మిషను, ఎవరు ఏ గంటకు నిలబడేది. డిజైన్ పోయినేటి గులాబీయే అనుకుంటాండా. అనంతపురం చెల్లీ, ఎంబ్రాయిడరీ మిషను ఆయన్ను లెక్క అడిగినావా?

అనంతపురం
అడిగినానక్కా. వెయ్యి కుట్లకు 5 రూపాయలు. సంచి మీది గులాబీ 24,000 కుట్లు, 120 రూపాయలు. కుషన్ మీది పెద్దది 32,000, 160 రూపాయలు. మొత్తం 13,600 అయితాది.

గుత్తి
కమిటీ ఒప్పుకున్నది 8,000. ఈసారి చందాలు తగ్గినాయి, హాలు అద్దె పెరిగింది. తక్కువ పడే 5,600 నేను యాడ నుంచి తెచ్చేది?

ప్రొద్దుటూరు
అన్నా, ప్రతిసారీ కోత స్టాల్ దగ్గరే మొదలైతాది. సౌండు వాళ్లకు అడిగినంత ఇస్తారు. పోయినేడు గులాబీ సంచులు మధ్యాన్నానికే అయిపోయినాయి. అవి లేకుంటే నేను స్టాల్‌లో నిలబడను.

గుత్తి
నేనేదో డబ్బు దాచిపెట్టినట్టు మాట్లాడొద్దమ్మా. ప్రతి ఖర్చుకూ బిల్లు పెట్టినా, చూసుకోండి. సౌండుకు ఇచ్చింది పోయినేటికన్నా తక్కువే.

నంద్యాల
బల్లలు ఆరు చెప్పినా. ఇంకా రెండు కావాల్నా?

ఆదోని
ఇద్దరూ రాత్రికి ఏమీ రాయొద్దండి, దండం పెడతా. పొద్దున మాట్లాడుకుందాం.

అనంతపురం – ఫిబ్రవరి 11
వదినా, కోపం చేసుకోవద్దు. డబ్బు సంగతి అట్లుంచు, గుడ్డ సంగతి చెప్తా. నిన్న మిషను దగ్గరే కూచోని ఈసారి తెచ్చిన పల్చటి సంచి గుడ్డ మీద గులాబీ ఒకటి వేయించి చూసినా. గుడ్డను బిగించే రింగులో ఉన్నంతసేపు నున్నగానే ఉండె. విప్పినాక పువ్వు చుట్టూ గుడ్డంతా ముడతలు. పువ్వేమో అట్టముక్క మాదిరి బిర్రుగా ఉంది. రెక్కలన్నీ నిండు తాతామి, అంటే సందు లేకుండా నింపే కుట్టు, ఒక పొర మీద ఇంకో పొర. గుడ్డకు బలంగా వెనక పెట్టే పేపరు రెండు పొరలు వేయించినా అంతే. పోయినేడు గుడ్డ మందం కాబట్టి మోసింది, ఇది మోయదు.

చిన్నది చేద్దామా అంటే ఇంకా చెడతాది. మిషను చదివే డిజైన్ ఫైలును ఊరికే కుదిస్తే కుట్లు తగ్గవు, దగ్గర దగ్గరకొచ్చి దారం తెగుతాది. ఎక్కువ మార్చాలంటే మళ్లా పంచింగ్ (బొమ్మను మిషను కుట్లుగా మార్చే పని) చేయించాల్సిందే. టయము కూడా చూడండి. మిషను నిమిషానికి 800 కుట్లు కొడుతుంది, దారాలు మార్చేది లెక్కలోకి తీసుకోకున్నా ఒక్కో సంచికి అరగంట. సంచులకే 30 గంటలు.

ఇంకో మాట చెప్పడానికి నాకే బాధగా ఉంది. ఆ గులాబీ ఫైలు కొన్నప్పటి షరతులు రాత్రి చదివినా. సొంతానికి కుట్టుకోవచ్చు, కుట్టినవి అమ్మకూడదు అని ఉంది. పోయినేడు మనమెవరమూ చూసుకోలేదు.

ప్రొద్దుటూరు
అమ్మకూడదు అంటే ఇంక ఆ గులాబీ మాట వద్దు. నిన్న తెలియక గట్టిగా పట్టుబట్టినా. మల్లెలు వేయించు, మన రాష్ట్ర పుష్పం కదా.

అనంతపురం
మల్లె నాకూ ఇష్టమే వదినా. కానీ మన గుడ్డ బ్లీచ్ చేయనిది, దాని మీద తెల్ల దారం బల్ల అవతల నిలబడినోళ్లకు కనపడదు. చుట్టూ నల్లగీత వేస్తే మల్లె కళ పోతాది.

నంద్యాల
కనకాంబరం వేస్తే? మా అవ్వ మరువం కలిపి కట్టేది. ఆ దండ మాదిరి సంచికి అడ్డంగా.

అనంతపురం – ఫిబ్రవరి 12
తమ్ముడు చెప్పింది చదివి ఇక్కడి పాతూరు బజారుకు పోయి మూరెడు కొనుక్కొచ్చినా. పువ్వు ముందర పెట్టుకోని చూస్తే ఎంత వీలుగా ఉందో! కనకాంబరం గులాబీ మాదిరి చుట్టూ విచ్చుకోదు, విసనకర్ర తీరుగా ఒకవైపే తెరుచుకుంటాది. కింద సన్నటి కాడ. రెక్కలకు సాటిన్ (అటూ ఇటూ దగ్గరగా వేసే కుట్టు), కాడకు రన్నింగ్ కుట్టు చాలు, పువ్వుకూ పువ్వుకూ నడుమ గుడ్డకు ఊపిరాడుతుంది. నేనే కాగితం మీద గీసి పంచింగ్ చేయించినా: 5,200 కుట్లు, రెండే రంగులు. ఏడు నిమిషాల్లోపు పని.

కుషన్లకు లేపాక్షి లతామండపం స్తంభాల మీది తీగ. చీరల అంచులకు నేసేవాళ్లు ఎప్పటినుంచో ఆ డిజైన్లు తీసుకుంటాండారు. నా ఫొటోల్లోంచి ఒక పువ్వు, రెండు ఆకులు గీసుకున్నా. 14,000 కుట్లు. కుషన్ గుడ్డ మందం, దిగులు లేదు.

గుత్తి
సంచికి 26 చొప్పున 1,560. కుషన్‌కు 70 చొప్పున 2,800. పంచింగ్ రెండింటికి 1,200 అన్నావు. మొత్తం 5,560. మిగిలే 2,440 పార్సిల్‌కు రాసుకుంటా. ప్రొద్దుటూరు చెల్లీ, మొన్న నేనూ మాట తూలినా. మనసులో పెట్టుకోవద్దు.

ప్రొద్దుటూరు
అయ్యో, ముందు అన్నది నేనే కదన్నా. స్టాల్‌లో పొద్దున నుంచి సాయంత్రం దాకా నేనే ఉంటా. చెల్లీ, రంగులు జాగ్రత్త. పోయినసారి ఆకులు నీలంగా వచ్చె.

అనంతపురం
మిషనుకిచ్చే డీఎస్‌టీ రకం ఫైల్లో రంగులుండవు వదినా, దారం మార్చే చోటు మాత్రమే ఉంటాది. అందుకే ఆ తప్పు జరిగింది. ఈసారి దారం నంబర్లు చీటీ మీద రాసి మిషనుకే అంటించినా.

అనంతపురం – ఫిబ్రవరి 14
మొదటి సంచి రింగు విప్పినా, ఫొటో చూడండి. ఒక్క ముడత లేదు. కనకాంబరం రంగు అచ్చం కుదిరింది. మరువం మాత్రం ఎండలో పెడితే పాలిపోయినట్టుంది. ఇంకో నంబరు ముదురు వేయించాల్నా? ఆయన దారం చేతిలో పట్టుకోని ఉన్నాడు.

ప్రొద్దుటూరు
ముదురే వేయించు. అప్పుడే తెంపిన మరువం మాదిరి ఉండాల.