అప్‌డేట్: తెరచాప పడవ ఖాయమైంది

తీరానికి దూరంగా వారాల తరబడి తిరగడానికి పాతదైనా బరువైన పడవ కొనాలా, అదే ధరకు కొత్తగా, తేలిగ్గా ఉన్నది కొనాలా అని ఇంతకుముందు అడిగాను. సలహా ఇచ్చినవాళ్లందరికీ చాలా థ్యాంక్స్. పాతదే తీసుకుంటున్నాం.

కొత్తదానికీ యూరప్ ప్రమాణాల ప్రకారం పడవలకిచ్చే సీఈ ‘ఎ’ కేటగిరీ ఉంది. అంటే గాలి బలాన్ని కొలిచే బ్యూఫోర్ట్ స్కేలుపై 8 దాటిన గాలికి, 4 మీటర్లు మించిన అలలకు సరిపడా డిజైన్ చేసినదే. మాకు టెన్షన్ పెట్టింది దాని కీల్, అంటే పడవ ఒరగకుండా అడుగున ఉండే బరువైన రెక్క. ఒకసారి నేలకు గట్టిగా తగిలిందట, రిపేరు కాగితాలు మాత్రం లేవు. 2014లో అట్లాంటిక్‌లో ‘చీకీ రఫీకీ’ అనే తెరచాప పడవ కీల్ ఊడి, అందులోని నలుగురూ చనిపోయారు. అంతకుముందు నేల తగిలిన దెబ్బలు, ఆ రిపేర్లు కలిసి అతుకును బలహీనపరిచి ఉండొచ్చని దర్యాప్తులో తేలింది. అది చదివాక మనసొప్పలేదు.

పాతదాంట్లోనూ లోపాలున్నాయి. పడవను పరీక్షించే సర్వేయర్ చిన్న సుత్తితో డెక్ అంతా తడుతూ వెళ్తుంటే టక్‌టక్‌మని గట్టిగా వినిపించిన శబ్దం, మాస్టును (తెరచాప స్తంభాన్ని) పట్టి ఉంచే తీగలను బిగించిన చోట మొద్దుబారింది. అంటే అక్కడ డెక్ లోపలి చెక్కలోకి నీళ్లు దిగాయన్నమాట. ఆ తీగలు ఎప్పుడు మార్చారో ఓనర్‌కే తెలియదు. అందుకే రిగ్గింగ్ (మాస్టును పట్టే ఆ తీగలు), డెక్ ఖర్చు ధరలోంచి తగ్గించమన్నాం, ఒప్పుకున్నారు. సముద్రంలోకి దిగే రోజుకి మొత్తం ఎంతవుతుందో లెక్కేయమని మీలో కొందరు చెప్పడం ఇక్కడ బాగా పనికొచ్చింది.

చుక్కానికి ముందు స్కెగ్ (పడవ అడుగున ఉండే చిన్న రెక్క) ఆసరా ఉండటం నాకు చాలా ధైర్యాన్నిచ్చింది. ఎదురుగాలిలో నెమ్మదే, పర్వాలేదు. ముందు రిగ్గింగ్, తర్వాత సీకాక్‌లు (పడవ అడుగు రంధ్రాలకుండే నీటి వాల్వులు). సోలార్ ప్యానెళ్లు ఆగుతాయి.