సమస్యాపూరణం: పాలలోన నాన పండె నలుపు

మొన్న ఆదివారం మా కాలనీ గ్రంథాలయంలో శ్రీకాళహస్తి కలంకారీ చిత్రకారిణి ఒకరు తన పని గురించి గంటసేపు మాట్లాడారు. వాళ్ల తాతగారు 1950లలో అక్కడ మొదలైన శిక్షణ కేంద్రంలో నేర్చుకున్నారట. మాటల మధ్యలో ఆవిడ కరక్కాయ పిండి కలిపిన పాలలో నానబెట్టి ఆరబెట్టిన లేత పసుపు గుడ్డముక్క ఒకటి పరచి, వెదురు కలాన్ని కసిమిలో, అంటే ఇనుపతుక్కూ బెల్లమూ నీళ్లలో పులియబెట్టిన సిరాలో, ముంచి ఒక గీత గీశారు. గీసేటప్పుడు పలచటి టీ రంగు. మేము చూస్తుండగానే కాటుకలా నల్లబడింది. ఇంటికి వస్తుంటే దారిలోనే ఈ పాదం తట్టింది. ఆటవెలదిలో పూరించండి.

విశ్రాంత ఉపాధ్యాయుడు:

కరకకాయ పిండి కలిపి గుడ్డ తడిపి
ఇనుపతుక్కు బెల్లమిడిన నీటి
కలము జార్చు చుక్క కనులముందరె మారె
పాలలోన నాన పండె నలుపు

నిర్వాహకుడు: మాస్టారూ, కసిమి తయారీ అంతా ఒక్క పాదంలో ఇమిడింది. ‘బెల్లము + ఇడిన’ దగ్గర ఇకారానికి స్వరయతి చక్కగా కుదిరింది. ఒక్కటే లోపం: తడిపినది మనిషి, మారినది చుక్క. కర్తలు వేరు కాబట్టి ‘తడిపి’ అన్వయించదు. ‘తడుప’ అంటే సరిపోతుంది, గణమూ చెడదు. ఇంకో మాట. నలుపు పుట్టేది కరక్కాయ వగరూ ఇనుమూ కలిసినందువల్ల. పాలలోని కొవ్వు చేసే మేలు వేరు, గీతను అటూ ఇటూ పాకనివ్వదు. మీ పద్యంలో పాలకు ఆ పని దొరకలేదు.

పెడన మిత్రుడు:

గుడ్డపైన నాడు గోపబాలుని గీసి
కనుల నద్దె నతడు కసిమి చుక్క
నవ్వె నల్లనయ్య వెన్నముద్దను జూచి
పాలలోన నాన పండె నలుపు

నిర్వాహకుడు: నల్లనయ్యను తెచ్చి పాలకూ నలుపుకూ చుట్టరికం కలిపారు, ఊహ నాకు బాగా నచ్చింది. మూడో పాదంలో ‘న’కు ‘వె’ యతి కాదు, ప్రాసయతి కూడా కుదరలేదు. ‘నవనీతమును జూచి’ అని మార్చి చూడండి.

చేనేత ఇంటి కోడలు:

మొదటి యేడు గీత ముద్దగా పాకెను
చెదరె నోర్మి చెంపఁ జేరె నీరు
అమ్మ చెప్పె గుట్టు హత్తుకొనెను గీత
పాలలోన నాన పండె నలుపు

నిర్వాహకుడు: ఇది చదివి కాసేపు మాట రాలేదు. ఆ రోజు సభలో ఆవిడ చెప్పినది సరిగ్గా ఇదే: పాలు చాలక మొదటి ఏడాది గుడ్డలన్నీ పాడయ్యాయట, వాటిని పారేయకుండా పెట్టెలో దాచుకున్నారట. మీరు సభకు రాలేదు, అయినా ఆ పెట్టెను తెరిచి చూసినట్టు రాశారు. ‘గీత’ రెండుసార్లు రావడం పునరుక్తి అనిపించదు. మొదటిది చెడిన గీత, రెండోది నిలిచిన గీత. పాలకు వాటి అసలు పని కూడా ఇక్కడే దొరికింది.

విశ్రాంత ఉపాధ్యాయుడు: అమ్మా, ‘చెదరె నోర్మి’ దగ్గర ఆగిపోయాను. నా పద్యంలో చెయ్యి ఉంది, మనిషి లేడు. ‘తడుప’ సవరణ తీసుకుంటున్నాను.

పెడన మిత్రుడు: నవనీతం స్వీకరించాను. మా ఊళ్లో అచ్చులతో వేసే నలుపుకూ ఈ కసిమే ఆధారం. కుండ మూత తీయగానే ముక్కుకు తగిలే ఆ పులిసిన వాసనను ఇంకా ఎవరూ పద్యంలో పెట్టలేదు. రేపు దానితో వస్తాను.